పెనుకొండ మామ ముక్కు

పెనుకొండ మామ పోయినాడని ఫోనొచ్చినప్పుడు నేను ధర్మవరంలో మా సావుకారి ఇంటి ముందర కారు కింద పండుకోని ఉండా. అంబాసిడర్ కారు, సావుకారి వాళ్ళ నాయన కొన్నది. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ నడుమ, అడుగుపక్క ఒక చిన్న బొక్క ఉంటాది. ఆడ ఆయిల్ చుక్క వేలాడతాండె. అది ఎప్పుడు పడతాదా అని చూస్తాంటి. ఫోను చేసింది మామ షెడ్డుకు ఎదురుగా టీ అంగడి పెట్టుకున్న అన్న. "మామ ఇంగ లేడప్పా. తెల్లారుజామున నిద్రలోనే పోయినాడంట" అన్యాడు. "సరే అన్నా" అంటిని. ఎవురన్నా సచ్చిపోతే సరే అంటారా? నా నోటికొచ్చింది అదే. చుక్క పడె. ఇంగొకటి ఊరతాండె. దాన్ని గూడా చూస్తా పండుకుంటి.

ఏడుపు రాలేదు. లేసి చేతులు తుడుచుకోని, సావుకారికి చెప్పి, చొక్కా మార్చుకోని పెనుకొండ రైలెక్కితి. దావలో సీటు పక్కన ఒకాయప్ప శనక్కాయలు తింటా నాకూ ఇన్ని పెట్టె. తింటి. ఉప్పు తక్కువైందని గూడా అనుకుంటి.

మామ పేరు ఈడ చెప్పను. చెప్తే ఆయప్పకు కోపం. షెడ్డుకు బోర్డు గూడా పెట్టుకోలే. "పెనుకొండలో మామ షెడ్డంటే కుక్కను అడిగినా చూపిస్తాది, బోర్డెందుకబ్బా" అంటాండె. ఆయప్ప సాయిబు, మాది మగ్గాలు నేసే ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు. మా పక్క ఇట్లనే, ఒకతూరి మామా అని పిలిస్తే సచ్చేదాకా మామనే. నేను మెకానిక్కును గూడా కాదు. సావుకారి కారు తోలేవాణ్ణి. సావుకారి పట్టుచీరలు మోసేవాణ్ణి. అంతే.

మనిషి పొట్టి. ముక్కు మాత్రం దేవుడు ఇంగెవురికో చేసిపెట్టుకోని, తొందరలో ఈయప్పకు తగిలించినట్ల ఉంటాది. చేతులు తుడుచుకునేదానికి ఒక మసిగుడ్డ, ముక్కు తుడుచుకునేదానికి వేరే తెల్ల చేతిగుడ్డ. ఆ తెల్లగుడ్డను ఎవురన్నా ముట్టుకుంటే అయిపాయ, ఆ పొద్దు పని జరగదు. "నా పనిముట్టు ఇదిరా" అని ముక్కు మీద ఏలు పెట్టి చూపిస్తాడు. మామూలుగా కాదు, గర్వంగా. నేను చూసిన మనుషుల్లో అంత గొప్పలు చెప్పుకునేవాడు ఇంగొకడు లేడు.

గొప్పలు చెప్పేవాడే గానీ, గొప్ప ఉత్తది కాదు. కారు షెడ్డు ముందర నిలపకముందే మొదలుపెడతాడు. "ఏమబ్బా, బత్తలపల్లి మీద వచ్చినావా? ఆడ కొత్త తారు ఏస్తాండారు గదా, నీ టైర్లు చెప్తాండాయి." "వెనకసీట్లో ఎవురో మసాలా దోసె తిన్యారు." నిజంగానే తినింటారు. ఇంగ బానెట్ ఎత్తితే ఆయప్ప ముందర మనం నోరెత్తగూడదు. 'లీకు' అనే మాట మన నోట్లోంచి వచ్చిందంటే గుడ్లురుముతాడు. "లీకో కాదో నేను చెప్పాల. నువ్వు చెప్పేటట్లుంటే ఈడికెందుకొచ్చినావు?"

ఆయప్ప పని చేసేది ఎట్లంటే, ముందు కారుతాండే ఆయిల్‌ను చూపుడేలు కొనతో అంటుకుంటాడు. బొటనేలితో మెత్తగా రుద్దుతాడు. ముక్కు కాడ పెట్టుకోని ఎడమకన్ను మూస్తాడు. ఇంజన్ ఆయిల్ ఒక కంపు, గేర్ ఆయిల్ ఇంగొక కంపు, దాన్లో గంధకం మాదిరి కుళ్ళు ఉంటాది. రెండూ కారేది అదే బొక్కలోంచి. ఏది కారతాందో తెలీకపోతే ఒకరు ఇంజన్ విప్పుతారు, ఇంగొకరు గేర్‌బాక్సు విప్పుతారు, దాంట్లో ఒకటి దండగ పనే అవుతాది. ఆయప్ప ఎడమకన్ను తెరిచేలోపల తేలిపోతాది. పెట్రోలు ఆయిల్లో కలిసిందా, నీళ్ళు కలిసినాయా, ఊరికే పాతబడి మాడిందా, అంతా ఆ కన్ను మూసిన చోటనే.

ఇంగొక అలవాటు పౌడరు. యాడనుంచి కారుతాందో కంటికి కనపడకపోతే, ఇంజన్ అంతా శుభ్రంగా తుడిచి, అతుకుల మీద మొగానికి పూసుకునే పౌడరు చల్లుతాడు. కారు ఒక సుట్టు తిప్పుకోని వస్తే పౌడరు యాడ తడిసిందో ఆడ దొరికిపోతాది. ఆ పౌడరు డబ్బా అత్తది. అత్త అంటే మామ ఇంటామె, నేను ఆమెను అట్లనే పిలుస్తా. "పెండ్లికి పోదామంటే మొగానికి పౌడరుండదు, అంబాసిడర్లకు మాత్రం ఉంటాది ఈయప్ప కాడ" అని ఆమె లోపల్నుంచి సణుగుతాంటాది. మామ నవ్వి, "నీకెందుకు పౌడరు, నువ్వు కారతాండావా?" అంటాడు. దానికి ఆమె ఏమనేదో ఈడ రాసేది కాదు.

నేను ఆయప్ప కాడికి మొదటిసారి పోయింది ఈ కారు గురించే. దీనికి అదే బొక్కలోంచి ఆయిల్ కారతాండె. హిందూపురంలో ఒక షెడ్డులో ఇంజన్ మొత్తం దింపి, వెనకపక్క సీలు కొత్తది ఏసినారు. ధర్మవరం రాకముందే మళ్ళ కారె. మళ్ళ దింపినారు, మళ్ళ కారె. ఎవురో చెప్తే పెనుకొండకు తీసుకొస్తి. మామ ఆయిల్‌ను వాసన చూసి, "ఇంజన్‌దే" అన్యాడు. ఇంగ స్పానర్ తీస్తాడని చూస్తి. తీయలే. బండి స్టార్ట్ చేయమని, ఇంజన్ మీదుండే ఆయిల్ మూత తీసి, ఆ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టినాడు. రోంతసేపటికి చెయ్యి ఎగదన్నుతాండె. నా చెయ్యి పట్టి ఆడ పెట్టినాడు. వేడిగా, లోపల్నుంచి ఎవురో నెట్టినట్ల ఉన్యాది.

"తెలిసిందా?" అన్యాడు.

"ఏంది మామా?"

"ఊపిరాడక సస్తాంది ఇది. పిస్టన్లు కొట్టుకునేటప్పుడు రోంత గాలి, రోంత పొగ అడుక్కు జారుతాది. అది కొత్త బండైనా జారుతాది, పాత బండైనా జారుతాది. బయటికి పోయే దావ ఉంటే ఏం కాదు. ఆ దావ మూసినావనుకో, యాడ సందు దొరికితే ఆడ తోసుకోని పోతాది. ఒంటిగా పోదు, ఆయిల్‌ను గూడా ఎంటబెట్టుకోని పోతాది. నువ్వు సీలు మార్చుకుంటా కూచో, జన్మంతా." అట్లని, ఆయప్ప ఎప్పుడూ చెప్పే మాట చెప్పినాడు. "ఆయిల్ కారేది రోగం కాదబ్బా, ఏడుపు. ఏడ్చేవాళ్ళ కండ్లు తుడిస్తే ఏమొస్తాది? యాల ఏడుస్తాండారో అడగాల."

ఇంజన్ పక్కన ఊపిరి వదిలే గొట్టం ఒకటుంటాది, బ్రీదర్ పైపంటారు. దాంట్లోకి కటింగ్ ప్లేయర్ దూర్చి లాగినాడు. నల్లగా, జిడ్డుగా, పిడికెడంత ఉండ ఒకటి వచ్చె. విప్పి చూస్తే పట్టుపోగులు. నడుమ నడుమ జరీ మెరుస్తాండాది. మామ దాన్ని ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పి, "ఎవురబ్బా ఇది, ఇంజన్‌కు పట్టుబట్టలు పెట్టింది?" అన్యాడు.

పెట్టింది మా సావుకారే. ఆ గొట్టంలోంచి వచ్చే పొగకంపు కారు లోపలికొచ్చి చీరలకు అంటుతాందని, మగ్గం కాడ రాలిన పోగులు ఉండజుట్టి తనే కూరినాడంట. కూరి మర్చిపోయినాడు. చీరకు వాసన అంటగూడదు, అంతే ఆయన బాధ. ధర్మవరంలో ఇంగెవురికి తోస్తాది ఇట్లాంటి పని? ముహూర్తం చీర ఈ కార్లోనే పోవాల వాళ్ళ ఇంట్లో. వాళ్ళ నాయన పెట్టిన ఆచారం. పెండ్లివాళ్ళు బెంగళూరులో ఉన్నా, హిందూపురంలో ఉన్నా, తక్కిన చీరలు వ్యాన్లో పోతాయి, ముహూర్తం చీర మాత్రం ఈ తెల్లకార్లో వెనకసీటు మీద కూచోని పోతాది. అందుకే ఇంత పాత కారును ఇంకా అమ్మకుండా ఉండాడు.

మామ ఆ పట్టు ఉండను పారేసి, పైపుకు పొడుగాటి రబ్బరుగొట్టం తగిలించి, దాని కొన కారు అడుక్కు వదిలినాడు. పొగ లోపలికి రాదు, ఇంజన్‌కు ఊపిరాడుతాది. కారేది నిలిచిపాయ. అప్పటినుంచి సావుకారికి మామ ముక్కంటే దేవుని మాట. కారుకు ఏమైనా సరే, "మామ ముక్కుతో చూపించుకోని రాపో" అనేది ఆయన.

కరోనా వచ్చినప్పుడు మామకు గూడా వచ్చె. హిందూపురం ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉండి, చిక్కిపోయి తిరిగొచ్చినాడు. షెడ్డు తెరిచినాక పోతి. మాట అదే, గొప్పలు అవే. కానీ కారు నిలిపితే ఏమీ అనలే. ఏ దావన వచ్చినానో చెప్పలే. అలిసిపోయినాడులే అనుకుంటి. చేతులు కడుక్కునేదానికి పోతే మాత్రం రాలే. రంపపుపొట్టు, సబ్బు, మళ్ళ పొట్టు, మళ్ళ సబ్బు. అత్త బయటికొచ్చి, "చర్మం ఊడొస్తాది, చాలు, లోపలికి రా" అంటే గూడా కడుగుతానే ఉన్యాడు. చేతులకు ఆయిల్ కంపు పోయిందో లేదో తెలుసుకునేదానికి ముక్కు ఉండాల గదా. అది నాకు అప్పుడు తట్టలే.

తట్టింది ఇంగొక పొద్దు. నల్లమాడనుంచి వచ్చిన ఒక కారు కింద చుక్క కారతాంటే, మామ ఏలితో అంటి, రుద్ది, ముక్కు కాడ పెట్టి, ఎడమకన్ను మూసి, "ఇంజన్ ఆయిలు" అన్యాడు. నేను అంత దూరంలో నిలబడుకోని ఉండా, గేర్ ఆయిల్ కుళ్ళు కంపు నా ముక్కు పగలగొడతాండె. మామ మొగం చూస్తి. కన్ను తెరిచి, నేరుగా ఆ డ్రైవర్‌ను చూస్తా, ఏ అనుమానం లేకుండా చెప్తాండాడు. నిజంగా భయమైంది నాకు. ఆయప్ప కోసం భయం. ఈ సంగతి బయటపడితే షెడ్డుకు కుక్క గూడా రాదు. ఇంజన్లు విప్పేవాళ్ళు ఊరికి పదిమంది. ఆయప్ప కాడికి జనం వచ్చేది విప్పకుండా చెప్తాడని.

"ఏం గేర్ ఆయిల్ పోస్తాండారో ఏమో మామా, ఈడిదాకా కంపు" అని ఊరికే అన్నట్ల అంటిని. మామ నా పక్క తిరగలే. మసిగుడ్డతో ఏలు తుడుచుకోని, "అదే చెప్తాండా. ఇంజన్ ఆయిల్ అనుకుంటారు అందరూ. ఇది గేర్‌బాక్సుది" అన్యాడు. డ్రైవర్ తల ఊపె.

అప్పటినుంచి అట్లనే జరుగుతాండె. నేను పోయినప్పుడు ఏదో ఒకటి గొణుగుతా, ఆయప్ప దాన్ని ఎత్తుకోని తన మాట చేసుకుంటాడు. నాకు తెలుసని ఆయప్పకు తెలుసా లేదా అనేది నేను అడగలే. ఆయప్ప చెప్పలే. నేను లేనప్పుడు ఎట్ల నెట్టుకొస్తాండెనో దేవునికే తెలియాల. పౌడరు ఎక్కువ వాడతాండె, అది మాత్రం తెలుసు. అత్త డబ్బాలు కొనలేక అలిసిపాయ.

మా కారు మళ్ళ కారేదానికి మొదలుపెట్టింది ఆ కాలంలోనే. ఈతూరి ఇంజన్ పక్క మూత కాడ. మామ గ్యాస్కెట్ మార్చినాడు, బ్రీదర్ పైపు పెట్రోలుతో కడిగినాడు, మూతి మీద చెయ్యి పెట్టి చూసినాడు, అంతా సరిగా ఉన్యాది. పౌడరు చల్లి తిప్పుకొస్తే ఒక్క చోట గూడా తడి లేదు. ఆయప్ప మొగం వెలిగిపాయ. నేను లోపల కూచుంటే మాత్రం రోంత పొగకంపు తగులుతాంది. దిగి బానెట్ కింద తల దూర్చి ఎతికితి, ఏమీ కనపళ్ళే.

"మామా, లోపల కంపు కొడతాంది" అంటిని. ఈతూరి గొణగలే, నేరుగా చెప్తిని. చీరలు పోయే కారు గదా.

మామ ఎర్రగా చూసినాడు. అప్పుడు షెడ్డులో ఇంగో ఇద్దరు డ్రైవర్లు ఉన్యారు. "నా ముక్కుకు రాని కంపు నీ ముక్కుకు వచ్చిందా? పోబ్బా, కారు తీసుకోని పో. అంతా సరిగా ఉండాది" అన్యాడు.

తీసుకోని వస్తి. ఆ ఇద్దరి ముందర ఇంగేమి మాట్లాడేది? సావుకారికి మాత్రం చెప్తిని, "అన్నా, రేపు చీర ఈ కార్లో వద్దు, లోపల వాసనుంది" అని. "మామ చూసినాడా?" అన్యాడు. "చూసినాడు." "ఇంగ నువ్వెవురు చెప్పేదానికి?" అన్యాడు. తెల్లారి ముహూర్తం చీర, వ్యాన్ దొరకలేదని దాంతోటి చుట్టాలకు పెట్టే చీరలు గూడా, వెనకసీటు మీద పేర్చి హిందూపురం పంపించినాడు. దావంతా దుమ్మని వెనక అద్దాలు ఎక్కించమన్యాడు. నేను నా పక్క అద్దం దించుకోని తోలితి.

పెండ్లిఇంట్లో పిల్ల తల్లి మూట విప్పి, చీర మడత తీసి, కొత్తపట్టు వాసన చూస్తారు గదా ఆడోళ్ళు, అట్ల మొగానికి ఆనించుకున్యాది. ఆనించుకోంగానే ఎనక్కి తీసె. "ఇదేమప్పా, లారీ కంపు?" అనె. చుట్టూ ఉన్న ఆడోళ్ళంతా ఒక్కొక్కరే వాసన చూసినారు. మూట మూటే తిరిగొచ్చె. వాళ్ళ నాయన నాటినుంచి సావుకారికి అట్లాంటి మాట పడలేదు. ధర్మవరంలో నన్ను నిలబెట్టి అడిగినాడు. "మామ ముక్కు తప్పు చెప్పదు. నువ్వే దావలో ఏదో పీకినావు, ఏదో పోసినావు. రేపట్నుంచి రావద్దు."

నిజం చెప్తే నా పని నిలబడతాది, మామ షెడ్డు కూలిపోతాది. నేనేమీ మాట్లాడలే. ఇది మంచితనమని అనుకునేరు. నోరు రాలేదు, అంతే. ఇంటికి పోయి పండుకుంటి.

మరుసట్రోజు కారు తాళంచెవి ఇచ్చేదానికి సావుకారి అంగడికి పోతి. పెండ్లిళ్ళ కాలం. తెల్లదుప్పటి పరిచిన పరుపుల మీద ఆడోళ్ళు కూచోని చీరలు పరిపించుకుంటాండారు. నేను తాళంచెవి తీసేలోపల మెట్లు ఎక్కి మామ వచ్చె. పండగబట్టలు ఏసుకోని, తలకు టోపీ పెట్టుకోని వచ్చినాడు. దావన పోయే డ్రైవర్ల నోట విని టీ అంగడి అన్న చెప్పినాడంట నా పని పోయిందని. మామ దుప్పటి మీద కాలు పెట్టకుండా అంచునే నిలబడినాడు.

"సావుకారీ, తప్పు నాది. కరోనా వచ్చిపోయినప్పట్నుంచి నాకు వాసన తెలీదు. ఏ వాసనా తెలీదు" అన్యాడు. మెల్లగా కాదు, అందరికీ వినపడేటట్ల.

సావుకారి నవ్వినాడు. "ఏంది మామా, వీణ్ణి కాపాడేదానికి ఇంత అబద్ధమా? ఈడ కూచోని పెనుకొండలో ఏం వండుతాండారో చెప్పే ముక్కు నీది."

"పెట్టి చూడు" అన్యాడు మామ. "ఏమన్నా పెట్టు నా ముక్కు కింద. కండ్లు మూసుకుంటా."

మూసుకున్యాడు. ఈతూరి రెండు కండ్లూ. చీరల అంగట్లో కలరా ఉండలకు కరువా? గుమాస్తా బీరువాలోంచి పిడికెడు తీసి, మామ ముక్కు కిందనే పెట్టినాడు. దూరంగా కూచున్న ఆడోళ్ళకు గూడా ఘాటు తగిలి కొంగు అడ్డం పెట్టుకున్యారు. మామ అట్లనే నిలబడుకోని ఉండాడు, తల రోంత ఎత్తి, ఎదురుచూస్తా.

"పెట్టండప్పా" అన్యాడు మామ. "యాల ఆలస్యం?"

సావుకారి లేసొచ్చి గుమాస్తా చెయ్యి పట్టుకోని కిందికి దించినాడు. "పెట్టినాం మామా" అన్యాడు.

మామ కండ్లు తెరిచి గుమాస్తా పిడికిట్లో తెల్ల ఉండలు చూసినాడు. కొంచేపు చూసినాడు. తల ఊపినాడు. "వీనికి శానా దినాలనుంచి తెలుసు. చెప్పలే. వాణ్ణి పన్లోకి తీసుకో" అని మెట్లు దిగిపాయ. మంచినీళ్ళు గూడా తాగలే. నేను స్టేషన్ దాకా ఎంటబడితి. ఏదన్నా అంటాడని చూస్తి. రైలు ఎక్కేటప్పుడు అన్యాడు, "ఆ రబ్బరుగొట్టం వెనకపక్క పగిలింటాది. కంటికి కనపడదు, చెయ్యి పెట్టి తడిమి చూడు." తడిమితే వెనకపక్క నిలువునా చీలి ఉన్యాది.

నా పని నాకొచ్చె. మామకు పని పాయ. ఊరూరా పాకిపాయ గదా కత. "మామ ముక్కు మూగబోయిందంట" అని డ్రైవర్లు నవ్వుకున్యారు. షెడ్డు ముందర కార్లు తగ్గినాయి. నేను మాత్రం సెలవు దొరికినప్పుడంతా రైలెక్కి పోతాంటి. దొంగాట లేదు ఇంగ. ఏదన్నా బండి వస్తే, మామ చుక్కను నా ఏలికి అంటించి, "చెప్పబ్బా" అంటాడు. ఉత్త ఇంజన్ ఆయిలు, గేర్ ఆయిలు అంటే చాలదు ఆయప్పకు. "ఎట్లాంటి కంపు? మాడిందా, పులిసిందా? గొంతులో తగులుతాందా, నెత్తికెక్కుతాందా?" నేను ఎతికి ఎతికి చెప్తాంటే, ఆయప్ప కన్ను మూసుకోని తలాడిస్తా, యాడ విప్పాలనో చెప్తాడు. నాకంటే ఆయప్పకే బాగా అర్థమయ్యేది నేను చూసిన వాసన.

పని లేనప్పుడు గూడా వదలడు. టీ వచ్చిందంటే, "వాసన చెప్పు" అంటాడు.

"టీ వాసన టీ మాదిరే ఉంటాది మామా."

"నీ మొగం. అల్లం ఏసినాడా లేదా?"

"ఏసినాడు. శానా తక్కువ."

"పీనాసి నాకొడుకు" అని ఎదురంగడి పక్క చూసి నవ్వుతాడు. ఆ నవ్వు కోసం పోతాంటినేమో నేను. అప్పట్లో అట్లని అనుకోలేదు. కారు పని ఉండాది గదా, పోవాల గదా అని పోతాంటి.

మామ ఇంటికి చేరేటప్పటికి జనం ఉన్యారు. నేనూ జనాజాకు, అంటే వాళ్ళ పాడెకు, భుజం పట్టితి. ముందు నడిచేవాళ్ళ చేతుల్లోంచి ఊదొత్తుల పొగ, మామ మీద కప్పిన గుడ్డలోంచి కర్పూరం, అత్తరు. "కర్పూరం మామా, దాని మీద అత్తరు, మంచిది" అని నోటిదాకా వచ్చె. అలవాటు. నోరు మూసుకోని నడిస్తి. ఖబరస్తాన్లో అందరి మాదిరే పిడికెడు మన్నేస్తి. అందరూ కండ్లొత్తుకుంటాండారు. నాకు ఆ పొద్దంతా ఎవురో చెవుల్లో దూది పెట్టినట్లే ఉన్యాది. "వీడే గదా మామకు ముక్కు" అని ఎవురో అన్యారు. అది గూడా ఇంగెవుర్నో అన్నట్లే వినపడె.

జనం పల్చబడినాక పోయొస్తానని చెప్పేదానికి గడప కాడికి పోతి. మొగుడు పోయిన ఆడమనిషి సాయిబుల్లో కొన్నాళ్ళు బయటి మొగోళ్ళ ముందరికి రాదు. తలుపు చాటునుంచే అత్త మాట వినపడె.

"నువ్వేనా అబ్బా?"

"నేనే అత్తా. పోయొస్తా."

"రోంతసేపు ఉండు. నీకొక మాట చెప్పాల. చెప్పొద్దని నాతో ఒట్టేపిచ్చుకున్యాడు ఆయప్ప. ఇంగ ఒట్టేముంది. ఆయప్పకు వాసన తిరిగొచ్చేసె. పోయిన ఎండాకాలంలోనే."

నేను గడప మీదనే కూచుంటి.

"షెడ్డునుంచి వస్తా వస్తా, వాకిట్లో ఉండంగానే 'పాలు మాడుతాండాయి' అన్యాడు. పొయ్యి కాడికి ఉరికితి. నిజంగానే మాడుతాండాయి. గిన్నె దించేది గూడా మర్చిపోయి ఇద్దరం ఆడనే కూలబడి ఏడ్చుకుంటిమి. రేపే ఊరంతా చెప్దాం, బండ్లు మళ్ళ వస్తాయి అంటి. వద్దనె. ఎవురికీ తెలీగూడదనె."

"యాల అత్తా?"

"నేనూ అదే అడిగితి. 'చెప్తే ఆ పిల్లోడు ఇంగ యాల వస్తాడు' అనె."

అప్పుడొచ్చె నాకు ఏడుపు. పొద్దన్నుంచి రానిది, గడప మీద, తలుపుకు ఇవతల. అవతల ఆమె ఏడుస్తాండె. ఎవురినీ ఎవురూ చూసుకోలే.

పోయిన నెలలో ఒక పొద్దు గుర్తుకొచ్చె. ఎవురిదో పాత జీపు. అడుగున చుక్క నా ఏలికి అంటించి, "చెప్పబ్బా" అన్యాడు. ఆ పొద్దు నాకు జలుబు. రెండు ముక్కులూ బిగుసుకోని ఉండాయి, ఏ వాసనా తెలీలే. తెలీదంటే ఆయప్ప పని నిలిచిపోతాదని, "గేర్ ఆయిల్ మామా" అంటిని. ఆయప్ప నా ఏలు అట్లనే పట్టుకోని కొంచేపు ఉన్యాడు. "ఇంగొకతూరి చూడబ్బా. నిదానంగా చూడు" అన్యాడు. మళ్ళ చూసినట్ల చూసి, "కాదు మామా, ఇంజన్‌దే" అంటిని.

"ఆఁ, అదే" అని నా భుజం తట్టినాడు. "నీ ముక్కుండబట్టి నేను బతికిపోతి."